ఫ్రీడాస్ 1.4 రివ్యూ: "డాస్ ల్యాప్‌టాప్"లో ఉండే ఆ డాస్ అసలు ఎలా ఉంటుంది?

సికింద్రాబాద్ సీటీసీలో గానీ ఆన్‌లైన్‌లో గానీ ల్యాప్‌టాప్ ధరలు చూసినవాళ్లకి "డాస్ ల్యాప్‌టాప్" అన్న మాట కొత్త కాదు. అదే మోడల్, అదే ప్రాసెసర్, కానీ విండోస్ ఉన్నదానికంటే ధర తక్కువ. మనవాళ్లకి దాని అర్థం ఒక్కటే: ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) లేదు, మనమే వేసుకోవాలి. డబ్బా విప్పిన రోజే పెన్‌డ్రైవ్ పెట్టి ఉన్నదంతా చెరిపేసి వేరేది ఎక్కించేస్తాం కాబట్టి, లోపల ఉన్న ఆ డాస్‌ని ఒక్కసారైనా బూట్ చేసి చూసినవాళ్లు ఎంతమంది ఉంటారో నాకు అనుమానమే. అలా చెరిపేసేదాని పేరు ఫ్రీడాస్, అంటే విండోస్‌కి ముందు రోజుల్లో కమాండ్లు టైప్ చేసి నడిపిన డాస్ అనే ఓఎస్‌కి ఉచిత రూపం. దానికి ఇప్పటికీ కొత్త వెర్షన్లు వస్తున్నాయి, 1.4 వచ్చింది 2025 ఏప్రిల్‌లో. ఈ రివ్యూ దాని గురించి.

ముందే చెప్పేస్తాను, మీకు కావాల్సింది పాత గేమ్స్ అయితే, డాస్ ప్రోగ్రాంలని విండోస్‌లోనే నడిపించే డాస్‌బాక్స్ చాలు, దీని జోలికి రానక్కర్లేదు. కానీ డీఐఆర్ (ఫైళ్ల జాబితా చూపేది), కాపీ, డీబగ్, ఎడ్‌లిన్ లాంటి కమాండ్లు ఎందుకు అలా ఉన్నాయో, ఎవరి దగ్గర నుంచి ఎవరికి వచ్చాయో స్వయంగా కొట్టి చూసి తెలుసుకోవాలనే పిచ్చి ఉన్నవాళ్లకి మాత్రం పైసా ఖర్చు లేకుండా ఇంతకంటే మంచి సరుకు దొరకదు. నేను దీన్ని చూసింది ఆ పిచ్చితోనే, కాబట్టి కింద రాసిందంతా ఎక్కువగా టూల్స్ గురించే ఉంటుంది.

కథ క్లుప్తంగా. 1994లో మైక్రోసాఫ్ట్ రాబోయే విండోస్‌తో ఎంఎస్ డాస్‌కి చెల్లుచీటీ రాసేస్తోందని తెలిసి, అమెరికాలో ఫిజిక్స్ చదువుతున్న జిమ్ హాల్ అనే కుర్రాడికి ఒళ్లు మండింది. ఆ జూన్ 29న యూజ్‌నెట్ అనే అప్పటి ఆన్‌లైన్ చర్చావేదికలో ఒక గ్రూపులో "మనమే ఒక ఉచిత డాస్ రాసుకుందాం" అని ప్రకటించాడు. మొదట పీడీ డాస్ అన్నారు, తర్వాత ఫ్రీడాస్ అయింది. పాట్ విల్లానీ కెర్నల్ (ఓఎస్ గుండెకాయ) ఇచ్చాడు, టిమ్ నార్మన్ కమాండ్ ఇంటర్‌ప్రెటర్ (మనం టైప్ చేసిన కమాండ్లని అందుకునే షెల్) మొదలుపెట్టాడు, హాల్ చిన్న చిన్న యుటిలిటీలు రాశాడు. 1.0 వెర్షన్ రావడానికి 2006 వరకూ పట్టింది, అంటే పన్నెండేళ్లు! అప్పటికి జనం డాస్‌ని పూర్తిగా మర్చిపోయారు, వీళ్లు మాత్రం మానలేదు. కెర్నల్, కమాండ్ షెల్ జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్‌లో ఉన్నాయి కాబట్టి సోర్స్ కోడ్ తెరిచి చదువుకోవచ్చు, నాకైతే అందులో సగం మజా అదే.

ఇన్‌స్టాల్ సంగతి. కొత్త ల్యాప్‌టాప్ మీద నేరుగా వేద్దామనుకుంటే ఆగండి. ఫ్రీడాస్‌కి పాతకాలపు బయోస్ (మెషీన్ ఆన్ చేయగానే ఓఎస్‌ని లేపే సాఫ్ట్‌వేర్) కావాలి, ఇప్పటి మెషీన్లలో చాలావాటికి దాని బదులు వచ్చిన యూఈఎఫ్ఐ తప్ప అది లేదు. (ఒక పెద్ద కంపెనీ "ఫ్రీడాస్" అని అమ్మిన మోడల్‌లో లోపల చూస్తే చిన్న లైనక్స్ ఒకటి బూట్ అయి, దాని మీద వర్చువల్ మెషీన్‌లో, అంటే సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఉత్తుత్తి కంప్యూటర్‌లో, ఫ్రీడాస్ నడుస్తోందని ఎవరో విప్పి చూపించారు. మాట తప్పలేదు మరి!) అలాంటి వర్చువల్ మెషీన్‌ని నడిపే వర్చువల్‌బాక్స్‌లోనో క్యూఈఎంయూలోనో వేసుకోవడం సుఖం. లైవ్ సీడీ ఐఎస్ఓ దించుకుని బూట్ చేస్తే ఇన్‌స్టాల్ చేయకుండానే వాడి చూడొచ్చు. ఇన్‌స్టాలర్ చక్కగా ఉంది, అదే డిస్క్‌ని పార్టిషన్ చేసి, రీబూట్ చేసి, ఫార్మాట్ చేసి ఫైళ్లు పెట్టేస్తుంది. కానీ నా సలహా, ఒకసారి ఇన్‌స్టాలర్‌ని పక్కన పెట్టి ఎఫ్‌డిస్క్ (పార్టిషన్ చేయడానికి), ఫార్మాట్, సిస్ (బూట్ ఫైళ్లు పెట్టడానికి) అనే మూడు కమాండ్లు మీరే వరసగా కొట్టండి. ఖాళీ డిస్క్ బూట్ అయ్యే డిస్క్‌గా ఎలా మారుతుందో అర్థమవ్వడానికి అంతకు మించిన ట్యూషన్ లేదు, వర్చువల్ డిస్కే కాబట్టి పోయినా టెన్షన్ లేదు. ప్యాకేజీల దగ్గర "ప్లెయిన్ డాస్" ఎంచుకోండి. "ఫుల్" ఎంచుకుంటే కంపైలర్లు, ఎడిటర్లు, గేమ్స్ అన్నీ కలిపి పడేస్తుంది, ఏది ఎక్కడుందో వెతుక్కోవడమే సరిపోతుంది. కావాల్సింది తర్వాత ఎఫ్‌డీఇంపిల్స్ (FDIMPLES) అనే ప్యాకేజీ మేనేజర్‌తో వేసుకోవచ్చు, చూడ్డానికి అందంగా లేకపోయినా పని చేస్తుంది.

బూట్ అయ్యాక కనిపించే నల్ల తెర మామూలు డాస్‌లాగే ఉంటుంది గానీ, దాని వెనకున్న ఫ్రీకామ్ అనే షెల్ ఎంఎస్ డాస్ షెల్ అయిన పాత కమాండ్ డాట్ కామ్ కంటే చాలా మెరుగు. ట్యాబ్ నొక్కితే ఫైల్ పేరు పూర్తవుతుంది, పైబాణం నొక్కితే పాత కమాండ్లు వస్తాయి. ఎంఎస్ డాస్‌లో ఇందుకోసం డాస్‌కీ అనే ప్రోగ్రాం విడిగా లోడ్ చేయాల్సి వచ్చేది, అది కూడా 1991లో 5.0 వచ్చాకే. ఎలియాస్, విచ్ లాంటి యూనిక్స్ (లైనక్స్‌కి మూలమైన ఓఎస్) వాసన ఉన్న కమాండ్లు కూడా ఇందులో ఉన్నాయి. లైనక్స్ టెర్మినల్ అలవాటైనవాళ్లకి చేతులు కట్టేసినట్టు అనిపించదు.

ఇక అసలు విషయానికి వస్తే, డాస్ కమాండ్లలో చాలావాటికి తాత ఎంఎస్ డాస్ కాదు, సీపీ/ఎం. 1974లో గ్యారీ కిల్డాల్ ఇంటెల్ 8080 ప్రాసెసర్ కోసం రాసిన ఆపరేటింగ్ సిస్టమ్ అది. ఏ, బీ అనే డ్రైవ్ అక్షరాలతో ప్రాంప్ట్, ఎనిమిది అక్షరాల పేరు, మూడు అక్షరాల ఎక్స్‌టెన్షన్, డీఐఆర్, టైప్ (ఫైల్‌లో ఉన్నది చూపేది), రెన్ (పేరు మార్చేది), ఇవన్నీ అక్కడివే. 1980లో సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్ అనే చిన్న కంపెనీలో టిమ్ ప్యాటర్సన్ 8086 ప్రాసెసర్ కోసం ఒక ఓఎస్ రాయాల్సి వచ్చినప్పుడు, సీపీ/ఎం ప్రోగ్రాంలని సులువుగా మార్చుకోగలగాలి అన్న లెక్కతో దాని పద్ధతులే అనుసరించాడు. అదే 86 డాస్. మైక్రోసాఫ్ట్ మొదట 25 వేల డాలర్లకి లైసెన్స్ తీసుకుని, 1981 జులైలో ఇంకో 50 వేలకి మొత్తం హక్కులే కొనేసింది. ఆగస్టు 12న ఐబీఎం పీసీ విడుదలైంది. ఆ 86 డాసే దాని మీద పీసీ డాస్ పేరుతో, తర్వాత మైక్రోసాఫ్ట్ పేరు మీద ఎంఎస్ డాస్‌గా వచ్చింది. ఐబీఎం దానికి సీపీ/ఎం 86 కూడా అమ్మింది గానీ దాని ధర 240 డాలర్లు, పీసీ డాస్ ధర 40. మన బజార్లో అయినా ఏది పోతుందో వేరే చెప్పాలా? ఐబీఎం వాళ్లు ఓఎస్ కోసం వచ్చిన రోజు కిల్డాల్ విమానం నడపడానికి వెళ్లి ఆ అవకాశం పోగొట్టుకున్నాడనే కథ అందరూ చెబుతారు గానీ, చెప్పేవాళ్లని బట్టి అది మారుతూ ఉంటుంది, నాకైతే ఆ 240కీ 40కీ ఉన్న తేడాయే ఎక్కువ చెబుతుంది.

సీపీ/ఎంలో కాపీ అనే కమాండ్ లేదు. పిప్ అనే ప్రోగ్రాం ఉండేది, ఆ పేరూ పద్ధతీ డెక్ అనే అప్పటి కంప్యూటర్ కంపెనీ మెషీన్ల నుంచి వచ్చాయి. అందులో ముందు గమ్యం రాసి, సమానం గుర్తు పెట్టి, తర్వాత మూలం రాయాలి, అంటే "బీ డ్రైవ్ = ఏ డ్రైవ్‌లోని ఫైల్" అన్నట్టు. ప్యాటర్సన్ దాన్ని తిప్పి, మామూలు మనిషి అనుకునే వరసలో కాపీ కమాండ్ చేశాడు. చిన్న మార్పే గానీ డాస్ జనానికి అందుబాటులోకి రావడంలో ఇలాంటివాటి పాత్ర పెద్దదని నా అభిప్రాయం. ఇది కావాలంటే మీరే పోల్చి చూసుకోవచ్చు, సీపీ/ఎం ఎమ్యులేటర్లు కూడా ఉచితంగా దొరుకుతాయి.

"కాన్" సంగతి చెప్పకుండా ఈ రివ్యూ పూర్తవ్వదు. ఒకప్పుడు మనందరి ఇన్‌బాక్సుల్లో ఒక మెయిల్ తిరిగింది గుర్తుందా, "కాన్ అనే పేరుతో ఫోల్డర్ ఎవరూ సృష్టించలేరని ఒక భారతీయుడు కనిపెట్టాడు, మైక్రోసాఫ్ట్ టీమ్‌కే అంతుబట్టలేదు" అని? అందులో రహస్యం ఏమీ లేదు. కాన్ అంటే కన్సోల్, అంటే కీబోర్డు, తెర. పీఆర్ఎన్ అంటే ప్రింటర్, ఎన్‌యూఎల్ అంటే ఏమీ లేని చోటు. డాస్ మొదటి వెర్షన్‌లో ఫోల్డర్లే లేవు కాబట్టి ఈ పేర్లు డిస్క్ మీద ఎక్కడ కొట్టినా పరికరాలుగానే పనిచేసేవి. 1983లో 2.0తో ఫోల్డర్లు వచ్చినప్పుడు, పాత ప్రోగ్రాంలు చెడిపోకూడదని ప్రతి ఫోల్డర్‌లోనూ ఆ పేర్లు అలాగే పనిచేసేట్టు వదిలేశారు. ఆ నిర్ణయాన్ని విండోస్ ఇన్నేళ్లుగా మోసుకుంటూ వచ్చింది. ఫ్రీడాస్‌లో "కాపీ కాన్ ఒక ఫైల్ పేరు" అని కొట్టి ఎంటర్ నొక్కండి, మీరు టైప్ చేసేదంతా నేరుగా ఫైల్‌లోకి వెళుతుంది. చివర్లో కంట్రోల్ జెడ్ నొక్కి ఎంటర్ కొడితే సేవ్ అవుతుంది. తొంభైల్లో మన ఊళ్లలో డాస్, వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్ అని బోర్డు పెట్టుకున్న ఇన్‌స్టిట్యూట్లలో నేర్చుకున్నవాళ్లకి ఇది చేతివేళ్లలోనే ఉంటుంది.

ఆ కంట్రోల్ జెడ్ కూడా సీపీ/ఎం ఆస్తే. సీపీ/ఎం ఫైల్ సైజుని బైట్లలో లెక్కపెట్టేది కాదు, 128 బైట్ల ముక్కల్లో లెక్కపెట్టేది. టెక్స్ట్ ఫైల్ చివరి ముక్క మధ్యలో ఎక్కడ ఆగిందో తెలియాలంటే ఏదో ఒక గుర్తు ఉండాలి, ఆ గుర్తే కంట్రోల్ జెడ్. డాస్ సైజుని బైట్లలోనే కచ్చితంగా రాసుకుంటుంది, దానికి ఆ గుర్తుతో పని లేదు, అయినా అలవాటు పోలేదు. ఫైల్ డిలీట్ చేసినప్పుడు కూడా ఇంతే. డాస్ ఫైల్‌ని నిజంగా తుడవదు, డైరెక్టరీలో (ఫైళ్ల జాబితాలో) పేరు మొదటి అక్షరం బదులు హెక్స్‌లో (పదహారు ఆధారంగా లెక్కపెట్టే పద్ధతిలో) ఈ5 అనే బైట్ పెట్టి, ఆ ఫైల్ ఉన్న చోటుని ఖాళీ అని రాసుకుంటుంది. ఎంఎస్ డాస్ 5లో అన్‌డిలీట్ కొడితే "మొదటి అక్షరం చెప్పండి" అని అడిగేది అందుకే, దానికి మిగతా పేరంతా తెలుసు, ఆ ఒక్క అక్షరమే పోయింది. మరి ఈ5 ఎందుకు? ఎనిమిది అంగుళాల ఫ్లాపీలు ఫ్యాక్టరీ నుంచి ఆ బైట్‌తోనే నిండి వచ్చేవి, సీపీ/ఎం దాన్నే "ఖాళీ" అని అనుకునేది. యాభై ఏళ్ల కిందటి ఫ్లాపీ ఫ్యాక్టరీ అలవాటు మీ పెన్‌డ్రైవ్‌లోని ఫ్యాట్ అనే డాస్ కాలపు ఫార్మాట్‌లో ఇంకా బతికే ఉంది!

2.0లో వచ్చిన మిగతా సరుకు, అంటే ఫోల్డర్లు, పైపులు (ఒక కమాండ్ అవుట్‌పుట్‌ని ఇంకో కమాండ్‌కి ఇవ్వడం), రీడైరెక్షన్ (అవుట్‌పుట్‌ని ఫైల్‌లోకి మళ్లించడం), ఇవన్నీ యూనిక్స్ వైపు నుంచి వచ్చాయి. మైక్రోసాఫ్ట్ అప్పటికే జెనిక్స్ పేరుతో యూనిక్స్ అమ్ముతోంది. యూనిక్స్‌లో ఫోల్డర్ల మధ్య మామూలు స్లాష్ పెడతారు, కానీ డాస్‌లో అప్పటికే స్లాష్‌ని స్విచ్‌లకి వాడేశారు, డీఐఆర్ తర్వాత స్లాష్ డబ్ల్యూ అన్నట్టు. అందుకని వెనక్కి వాలిన స్లాష్ మన నెత్తికి చుట్టుకుంది. పైప్ పేరుకి యూనిక్స్ పైపే గానీ డాస్‌లో ఒకసారికి ఒక ప్రోగ్రామే నడుస్తుంది కాబట్టి, మొదటిది పూర్తిగా నడిచి దాని అవుట్‌పుట్ ఒక టెంపరరీ ఫైల్‌లో పడ్డాకే రెండోది మొదలవుతుంది. ఫ్రీడాస్‌లోనూ అంతే. పెద్ద డైరెక్టరీ మీద డీఐఆర్‌ని, పేజీ పేజీగా చూపించే మోర్‌కి పైప్ చేస్తే ముందు కాసేపు ఏమీ రాకుండా తర్వాత ఒక్కసారిగా మొదటి పేజీ వస్తుంది, కారణం ఇదే.

ఎడ్‌లిన్ గురించి రెండు ముక్కలు. ప్యాటర్సన్ తాత్కాలికంగా ఉంటుందిలే అని గబగబా రాసి పడేసిన లైన్ ఎడిటర్ అది, పదేళ్ల పైనే డాస్‌తో పాటు వస్తూనే ఉంది, జనం తిడుతూనే వాడారు. ఫ్రీడాస్‌లో ఉన్నది మళ్లీ కొత్తగా రాసింది. నక్షత్రం గుర్తు ప్రాంప్ట్, ఎల్ కొడితే లైన్లు కనిపిస్తాయి, ఐ కొడితే రాయొచ్చు, విడిగా ఒక చుక్క పెట్టి ఎంటర్ కొడితే రాయడం ఆగుతుంది. రోజూ వాడమని చెప్పను. మామూలు ఎడిట్ ఉంది, మౌస్ కూడా పనిచేస్తుంది, అది వాడుకోండి.

డీబగ్ మాత్రం వదలొద్దు, మెమరీలోకి తొంగిచూసి ప్రాసెసర్ ఆదేశాలు నేరుగా రాసే టూల్ అది. నా దృష్టిలో ఈ మొత్తం ప్యాకేజీలో అదే రత్నం. ఏ 100 అని కొట్టి నాలుగు లైన్లు టైప్ చేయండి: మూవ్ ఏహెచ్ 02, మూవ్ డీఎల్ 41, ఇంట్ 21, ఇంట్ 20. (ఏహెచ్, డీఎల్ అంటే ప్రాసెసర్‌లో అంకెలు పెట్టుకునే చిన్న అరలు, ఇంట్ 21 అంటే డాస్‌ని పని అడగడం, ఇంట్ 20 అంటే ముగించడం.) అంతే, 8 బైట్ల ప్రోగ్రాం. జీ కొడితే ప్రోగ్రాం నడిచి తెర మీద ఇంగ్లిష్ మొదటి అక్షరం పడుతుంది, 41 అంటే హెక్స్‌లో దాని కోడ్. కంపైలర్ లేదు, లింకర్ లేదు, ప్రాజెక్ట్ ఫైల్ లేదు. ఇప్పుడు ఇందులోని అంకెలు చూడండి. 100 హెక్స్ దగ్గరే ఎందుకు మొదలుపెట్టాం? సీపీ/ఎంలో ప్రోగ్రాంలు మెమరీలో సరిగ్గా ఆ అడ్రస్‌లోనే లోడ్ అయ్యేవి, డాస్‌లో కామ్ అనే ఎక్స్‌టెన్షన్ ఉన్న చిన్న ప్రోగ్రాం ఫైళ్లకి అదే లెక్క వచ్చింది. దానికి ముందున్న 256 బైట్లలో, 80 హెక్స్ దగ్గర, మనం కమాండ్ తర్వాత టైప్ చేసిన మాటలు ఉంటాయి, సీపీ/ఎంలోనూ అక్కడే. ఏహెచ్‌లో పెట్టిన 02 అంటే "ఒక అక్షరం తెర మీద రాయి" అనే ఫంక్షన్ నంబరు, సీపీ/ఎంలో కూడా ఆ పనికి నంబరు 2. మొత్తం లైన్ రాయాలంటే 9, ఆ లైన్ చివర డాలర్ గుర్తు ఉండాలి, అది కూడా కిల్డాల్ పెట్టిన నియమమే. ఏ పుస్తకం చదివినా ఇంత సూటిగా ఎక్కదు, డీబగ్‌లో డీ 80 కొట్టి ఆ బైట్లు కళ్లారా చూస్తే ఎక్కుతుంది. ఫ్రీడాస్ డీబగ్‌లో ఒరిజినల్‌కి తెలియని కొత్త ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్లు కూడా ఉన్నాయి, అది బోనస్.

ఒరిజినల్‌తోనే పోల్చుకోవాలనుకునేవాళ్లకి ఒక మాట, ఎంఎస్ డాస్ 1.25, 2.0 సోర్సుల్ని మైక్రోసాఫ్ట్ 2014లో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ద్వారా బయటపెట్టింది, 2018లో గిట్‌హబ్‌లో పెట్టింది, 4.0 సోర్స్ 2024లో ఇచ్చింది. ఫ్రీడాస్ పక్కన అవి తెరిచి పెట్టుకుని చదవడం మంచి కాలక్షేపం, సెలవు రోజు ఎటుపోయిందో తెలియదు.

లోపాలు లేవా అంటే బోలెడు. వైఫై మీద ఆశ పెట్టుకోకండి. వర్చువల్‌బాక్స్‌లో పీసీనెట్ అనే నెట్‌వర్క్ కార్డ్ ఎంచుకుని దానికి ప్యాకెట్ డ్రైవర్ వేసి ఎంటీసీపీ అనే నెట్‌వర్క్ టూల్స్ సెట్ చేస్తే పింగ్, ఎఫ్‌టీపీ, టెల్‌నెట్ పనిచేస్తాయి గానీ, దానికి కాన్ఫిగ్ ఫైళ్లు చేత్తో రాసుకునే ఓపిక కావాలి, డాక్యుమెంటేషన్ అక్కడొక ముక్క ఇక్కడొక ముక్క ఉంటుంది. నిజమైన మెషీన్ మీద వేసినా నేటి సౌండ్ చిప్‌లని పాత ప్రోగ్రాంలు గుర్తుపట్టవు. డాస్ ఖాళీగా ఉన్నప్పుడు కూడా కీ నొక్కారా నొక్కారా అని ప్రాసెసర్‌ని తిప్పుతూనే ఉంటుంది, వర్చువల్ మెషీన్‌లో ఫ్యాన్ గోల పెడుతుంటే కారణం అదే, ఎఫ్‌డీఏపీఎం అనే పవర్ పొదుపు టూల్ లోడ్ చేస్తే తగ్గుతుంది. తెలుగు ఫైల్ తెరిస్తే పిచ్చి గీతలు తప్ప ఏమీ రావు. డాస్ రోజుల్లో మన భాషల కోసం ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ల జిస్ట్ కార్డ్ అని ప్రత్యేకంగా హార్డ్‌వేరే పెట్టాల్సి వచ్చిందంటే ఆ టెక్స్ట్ తెర ఎంత ఇరుకో అర్థం చేసుకోండి.

ఇంజినీరింగ్ పిల్లలకి ఒక మాట. నీలం తెర టర్బో సీలో, కోనియో డాట్ హెచ్ పెట్టి, క్లియర్ స్క్రీన్ కొట్టి ప్రోగ్రాంలు రాసి ల్యాబ్ రికార్డ్ నింపినవాళ్లు మన రెండు రాష్ట్రాల్లో కోకొల్లలు, డాస్‌బాక్స్‌లో పెట్టి మరీ రాయించారు. ఆ కోడ్ ఎక్కడ నడుస్తోందో అప్పుడు ఎవరూ చెప్పలేదు. టర్బో సీ ఫ్రీడాస్‌తో రాదు, విడిగా తెచ్చి పెట్టుకోవాలి, ఓపెన్ వాట్‌కామ్ అనే సీ కంపైలర్, నాజ్మ్ అనే అసెంబ్లర్ మాత్రం ప్యాకేజీల్లోనే ఉన్నాయి. వీడియో మెమరీకి పాయింటర్ పెట్టి నేరుగా అక్షరాలు రాసినా ఎవరూ అడ్డుకోరు, మెషీన్ మొత్తం మీదే. తప్పు రాస్తే హ్యాంగ్ అవుతుంది, రీసెట్ కొట్టండి, క్షణాల్లో మళ్లీ ప్రాంప్ట్ వస్తుంది. సిస్టమ్స్ ప్రోగ్రామింగ్ నేర్పే టీచర్లు ఎవరైనా దీన్ని ఒక్క సెమిస్టర్ వాడి చూస్తే బాగుండు.

నా రేటింగ్: టూల్స్‌కి 5కి 4.5, ఇన్‌స్టాల్‌కి 4, నెట్‌వర్క్‌కి 2, హెల్ప్‌కి 3.5 (హెల్ప్ అని కొడితే ప్రతి కమాండ్‌కీ పేజీ వస్తుంది, కొన్ని పేజీలు మాత్రం మరీ పొడి పొడిగా ఉన్నాయి). డౌన్‌లోడ్ ఉచితం, అధికారిక సైట్ నుంచే దించుకోండి. ఇక ఆపేయడానికి ఎఫ్‌డీఏపీఎం పవర్‌ఆఫ్ అని కొట్టొచ్చు, లేదా విండో మూసేయొచ్చు, ఏదైనా ఫైల్ రాస్తుండగా తప్ప డాస్‌కి ఏమీ పట్టదు.